క్రౌడ్‌ఫండింగ్ రేజర్ ఎందుకు ఆలస్యమవుతుంది, ఎంతవరకు ఆగొచ్చు

మూడు ముక్కల సేఫ్టీ రేజర్‌లో కదిలే యంత్రాంగమంటూ ఏదీ ఉండదు. పైన క్యాప్, కింద బేస్ ప్లేట్, పట్టుకోవడానికి హ్యాండిల్, నడుమ 0.1 మి.మీ. మందం బ్లేడ్. అంతే. కింగ్ క్యాంప్ జిలెట్‌కు 1904లో పేటెంట్ వచ్చినప్పటి నుంచీ ఈ అమరిక పెద్దగా మారలేదు. ఇంత పాత వస్తువు కోసం క్రౌడ్‌ఫండింగ్ పేరుతో చాలామంది దగ్గర ముందే డబ్బు కట్టించుకుని, ఆరు నెలల్లో ఇస్తామని చెప్పి, ఏడాది దాటినా పంపకపోతే కోపం రావడం సహజమే. అయితే ఆలస్యాలన్నీ ఒక్క రకానివి కావు. కొన్నింటికి ఓపిక పట్టడం మనకే లాభం. కొన్నింటికి ఒక్క నెల కూడా ఇవ్వక్కర్లేదు. ఆ తేడా తెలియాలంటే రేజర్ తయారీలో పని ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియాలి.

ముందు లెక్క చూద్దాం. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే కోత మెషిన్ మీద క్యాప్‌కు 25 నిమిషాలు, బేస్ ప్లేట్‌కు 30, హ్యాండిల్‌కు 12 పడతాయనుకుందాం. ఒక్క రేజర్‌కు 67 నిమిషాలు. 500 రేజర్లకు 558 గంటలు. ఒకే మెషిన్ రోజుకు 8 గంటలు నడిస్తే 70 పనిదినాలు. ప్రచారం బాగా నడిచి ఆర్డర్లు 2,000 అయ్యాయంటే అదే మెషిన్ మీద 279 పనిదినాలు, అంటే వారానికి ఐదు రోజుల పనితో ఏడాది పైమాటే. తేదీ మాత్రం 500 రేజర్లను దృష్టిలో పెట్టుకుని ప్రకటించినది. వార్టన్ స్కూల్‌కు చెందిన ఈథన్ మాలిక్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో డిజైన్, టెక్నాలజీ విభాగాల ప్రాజెక్టుల్లో 75 శాతానికి పైగా చెప్పిన గడువు దాటాకే వస్తువు పంపాయని తేలింది. లక్ష్యానికి మించి డబ్బు పోగైన కొద్దీ ఆలస్యం పెరిగిందని కూడా. పైన వేసిన లెక్క చూస్తే అందులో వింతేమీ కనిపించదు.

ఇక అసలు చిక్కు రేజర్ తలలో ఉంది. బేస్ ప్లేట్ అంచున చర్మానికి ఆనే పట్టీని సేఫ్టీ బార్ అంటాం. బ్లేడ్ అంచుకూ సేఫ్టీ బార్‌కూ మధ్య సందును బ్లేడ్ గ్యాప్ అంటాం. క్యాప్ అంచు నుంచి సేఫ్టీ బార్‌కు ఒక గీత గీస్తే, బ్లేడ్ ఆ గీత దాటి ఎంత బయటికి వచ్చిందో అది ఎక్స్‌పోజర్. గ్యాప్ ఒక్కటే చూసి ఇది మైల్డ్, ఇది అగ్రెసివ్ అని తేల్చేవాళ్లు చాలామంది, కానీ చర్మానికి తెలిసేది రెండూ కలిస్తేనే. గ్యాప్ 0.68 మి.మీ. ఉండాలని డిజైన్‌లో రాసుకున్నారనుకుందాం. క్యాప్‌లో 0.05, బేస్ ప్లేట్‌లో 0.05 అటూఇటూ కావచ్చని వదిలేస్తే, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు రేజర్లలో ఒకటి 0.58, ఇంకొకటి 0.78 రావచ్చు. మొదటిది కొత్తవాడి చేతికి ఇవ్వొచ్చు. రెండోదానితో అదే కొత్తవాడు గొంతు దగ్గర గాటు పెట్టుకుంటాడు. పేరు ఒకటే, కట్టిన డబ్బూ ఒకటే.

అందుకే గ్యాప్‌ను ఒక దారికి తేవడానికి రెండు నెలలు ఎక్కువ అడిగిన తయారీదారును నేను తప్పుపట్టను. క్యాప్ వంపు, బేస్ ప్లేట్ వంపు సరిగ్గా కుదరకపోతే మరో సమస్య కూడా ఉంది. బ్లేడ్‌ను అంచుకు దగ్గరగా కాకుండా ఎక్కడో లోపల పట్టుకుంటాయి. బిరుసు గడ్డం మీద అంచు అదురుతుంది. నురగ ఎంత బాగా కలిపినా, చెయ్యి ఎంత తేలికగా పట్టినా ఆ అదురు పోదు. అది రేజర్‌లోనే ఉన్న లోపం.

ఏ పద్ధతిలో చేస్తున్నారన్నదాన్ని బట్టి ఆలస్యం స్వభావం మారుతుంది. స్టీలు రేజర్లకు కొందరు మెటల్ ఇంజెక్షన్ మౌల్డింగ్ ఎంచుకుంటారు. మెత్తని లోహపు పొడిని మైనం, ప్లాస్టిక్ లాంటి బైండర్‌తో కలిపి అచ్చులోకి కొడతారు. తర్వాత బైండర్‌ను తీసేసి, 316 ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే సుమారు 1,350 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. పచ్చి కుండ ఆవంలో కాలి కుదించుకున్నట్టే ఇదీ పొడవులో 15 నుంచి 20 శాతం వరకు కుదించుకుంటుంది. 43 మి.మీ. ముక్క కావాలంటే, 16.5 శాతం కుదింపు లెక్కన అచ్చు 51.5 మి.మీ. ఉండాలి. కుదింపు అరశాతం అటూఇటూ అయితే 0.2 మి.మీ. పైగా తేడా వచ్చేస్తుంది. పైగా పలచని బేస్ ప్లేట్ ఆ వేడిలో తన బరువుకే నడుమ కొద్దిగా జారుతుంది. కింద సరైన సిరామిక్ ఆధారం లేకపోతే గ్యాప్ కొలతలో చివర 0.68, మధ్యలో 0.78 కనిపిస్తుంది. ప్రెస్‌లో నొక్కి సరిచేయొచ్చు. అదీ కుదరకపోతే అచ్చును మళ్లీ కోయాలి. అచ్చులోంచి వచ్చే మొదటి నమూనాలను టీ1 అంటారు. టీ1 బాగా రాలేదని తయారీదారు రాశారంటే కంగారు పడక్కర్లేదు, మొదటిసారికే సరిగ్గా వస్తే అదే అరుదు. నాలుగో విడత నమూనాలు, అంటే టీ4 దగ్గర కూడా అదే వంకర గురించి రాస్తుంటే మాత్రం ఆ డిజైన్ ఆ పద్ధతికి పనికిరాదని అర్థం.

సీఎన్‌సీలో అచ్చు గొడవ లేదు, కానీ 316 ఎల్ మొండి లోహం. టూల్ కోయకుండా కాస్త రాసుకుందంటే చాలు, పైపొర గట్టిపడి తర్వాతి కోతలో టూల్ మొన పోతుంది. పైగా కడ్డీలో ఇరుక్కున్న ఒత్తిడి, పలచగా కోసేసరికి విడుదలై ప్లేట్‌ను వంచుతుంది. అందుకే ముందు ముతకగా కోసి, బిగింపు వదిలి, మళ్లీ బిగించి తుది కోత కోస్తారు. పని రెట్టింపు. ఈ బాధ తట్టుకోలేక మధ్యలో 303 స్టీలుకు మారేవాళ్లున్నారు. 303లో గంధకం ఉంటుంది కాబట్టి సులువుగా తెగుతుంది, తుప్పును తట్టుకునే శక్తి మాత్రం తక్కువ. ప్రచారంలో 316 ఎల్ అని చెప్పి తర్వాత వట్టి 'స్టెయిన్‌లెస్' అని రాయడం మొదలుపెడితే ఏ గ్రేడో వెంటనే అడగండి.

జమాక్ రేజర్లు తొందరగా తయారవుతాయి. సుమారు 4 శాతం అల్యూమినియం కలిసిన ఈ జింక్ మిశ్రమం 380 డిగ్రీల పైన కరిగిపోతుంది, డైలో (లోహపు అచ్చులో) పోస్తే క్షణాల్లో ముక్క బయటికి వస్తుంది. ఆలస్యమంతా పూత దగ్గరే. పోతలో గాలి బుడగ చిక్కుకున్నా, రాగి, నికెల్, క్రోమ్ పొరల్లో సూదిమొనంత రంధ్రం మిగిలినా నీళ్లు లోపలికి దిగి పొక్కులు లేస్తాయి. పూత మర చుట్ల మీద మందంగా పడితే హ్యాండిల్ బిగుసుకుంటుంది. పూత బాగాలేదని ఒక విడత మొత్తం వెనక్కి పంపారని వింటే అది మంచి వార్తే.

స్టీలు రేజర్లకు చివరి పాలిష్ అందరూ తేలిక పని అనుకుంటారు. చేత్తో బఫ్ (పాలిష్ చక్రం) మీద పట్టే మనిషి సేఫ్టీ బార్ మీద కాస్త ఎక్కువసేపు ఆపితే 0.05 మి.మీ. పోతుంది, పైన పడ్డ శ్రమంతా దానితో పోయినట్టే. పాలిష్ అయ్యాక సిట్రిక్ లేదా నైట్రిక్ యాసిడ్‌తో కడగాలి, దీన్నే పాసివేషన్ అంటారు. టూళ్ల నుంచి అంటుకున్న ఇనుప రేణువులు అలాగే మిగిలితే స్టెయిన్‌లెస్ మీదా గోధుమరంగు చుక్కలు వస్తాయి. తేదీ ముంచుకొస్తే చాలామంది ఎగ్గొట్టేది ఈ దశనే.

ఆలస్యంలో బ్యాకర్ల, అంటే ముందే డబ్బు కట్టిన మనలాంటి వాళ్ల వాటా కూడా కొంత ఉంది. ఇది ఇష్టంతోనే చెబుతున్నాను. హ్యాండిల్ ఇంకాస్త పొడవుంటే బాగుంటుంది, బార్‌కు గాడులుంటే బాగుంటుంది, మ్యాట్ కూడా ఇవ్వండి అని అడుగుతూ పోతాం. రెండు ప్లేట్లు, మూడు హ్యాండిళ్లు, రెండు ఫినిష్‌లు కలిస్తే 12 రకాల పెట్టెలు. ఒక్క హ్యాండిల్ రాకపోయినా నాలుగు రకాలు ఆగిపోతాయి. డబ్బు సేకరణ ముగిశాక కొత్త ఎంపికలు చేర్చే ప్రాజెక్టు ఎంత మంచివాళ్లదైనా నాకు నమ్మకం తగ్గుతుంది.

రవాణా గురించి రెండు ముక్కలు.   యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు వస్తువులకున్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న తీసేసింది. అమెరికా 800 డాలర్ల లోపు దిగుమతుల సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేసింది. ఈ తేదీలకు ముందు రవాణా ఖర్చు లెక్కేసిన వాళ్ల లెక్కలు తప్పి ఉండొచ్చు.

ఇప్పుడు తయారీదారు పంపే అప్‌డేట్ ఎలా చదవాలి. పనికొచ్చే అప్‌డేట్‌లో కొలత ఉంటుంది: ఎన్ని ముక్కలు కొలిచారు, గ్యాప్ ఎంత నుంచి ఎంత వరకు వచ్చింది, ఎన్ని పక్కన పడేశారు. గేజ్ పక్కన పెట్టి తీసిన అసలు ముక్క ఫొటో ఉంటుంది. తర్వాతి తేదీ దేని మీద ఆధారపడి ఉందో ఉంటుంది. 'నాణ్యతే మా ప్రాణం' అని రాసి కంప్యూటర్‌లో గీసిన బొమ్మ పెడితే అందులో సమాచారం లేదు. పాత రేజర్ పంపకుండా కొత్త రేజర్ ప్రకటిస్తే ఓపిక అక్కడితో ఆపేయండి. కిక్‌స్టార్టర్ తనంతట తాను డబ్బు వెనక్కి ఇవ్వదు. కానీ పూర్తి చేయలేకపోతే ఏం పని జరిగింది, డబ్బు ఎలా ఖర్చయింది వివరించాలని, మిగిలింది తిరిగి ఇవ్వజూపాలని దాని నిబంధనల్లోనే ఉంది. ఉత్తరం రాసేటప్పుడు ఆ మాటనే ప్రస్తావించండి. తిట్టిన ఉత్తరం కన్నా అది బాగా పనిచేస్తుంది.

ఆగుతున్న నెలల్లో చేయదగ్గ పని ఒకటుంది. ఏ ప్లేట్ కావాలని తయారీదారు నుంచి సర్వే వచ్చేలోపు మీకు నప్పే గ్యాప్ తెలుసుకోండి. రాక్‌వెల్ 6ఎస్‌లా ప్లేట్లు తిప్పి ఆరు సెట్టింగులు మార్చుకునే రేజర్ అందుబాటులో ఉంటే సులువు. బ్లేడ్, సబ్బు మార్చకుండా ఒక్కో సెట్టింగ్‌తో నాలుగైదు షేవ్‌లు చేయండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల మంట వచ్చిందో తేలదు.

రేజర్ వచ్చాక వెంటనే షేవ్ చేయొద్దు. బ్లేడ్ లేకుండా సేఫ్టీ బార్ వెంట దూది రాయండి. పోగులు చిక్కుకుంటే అక్కడ బర్, అంటే కోతలో మిగిలే సన్నని లోహపు ముల్లు ఉన్నట్టే. హ్యాండిల్ రెండు వేళ్లతో చివరిదాకా తిరగాలి. స్టీలు మీద స్టీలు మర పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి, శుభ్రం చేసి, చుక్క సిలికాన్ గ్రీజు రాయండి. తర్వాత పారేయదగ్గ బ్లేడ్ ఒకటి పెట్టి, తలను బోర్లించి నొక్కిపట్టి బిగించండి. క్యాప్ పైనుంచి చూస్తే రెండు వైపులా బ్లేడ్ ఒకే మేర కనిపించాలి. ఒక వైపు ఎక్కువ కనిపిస్తే బ్లేడ్‌ను మాత్రమే 180 డిగ్రీలు తిప్పి పెట్టండి. ఆ ఎక్కువ కూడా వైపు మారితే తప్పు బ్లేడ్‌ది, అదే వైపు ఉంటే రేజర్‌ది. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచని రేకులతో) ఒక్కో వైపు రెండు చివరలా, మధ్యలో, మొత్తం ఆరు చోట్ల కొలవండి. బ్లేడ్ వంగుతుంది కాబట్టి గేజ్‌ను తొయ్యకుండా తేలికగా జారనివ్వాలి. ఆరింటి మధ్య తేడా 0.05 మి.మీ. దాటితే కొలతలు, ఫొటోలు కలిపి తయారీదారుకు పంపి, ప్లేట్ మార్చమని అడగండి. బదులు వచ్చేదాకా ఆ రేజర్‌ను వాడకండి. గీతలు పడ్డాక తిరిగి తీసుకోరు.