అన్నా కరేనినా, మా ఇంటి మూడు తరాలు

గ్రెటా గార్బో నాయికగా క్లారెన్స్ బ్రౌన్ దర్శకత్వంలో 1935లో వచ్చిన ‘అన్నా కరేనినా’ను మా ఇంట్లో మూడు తరాల వాళ్ళం కలిసి చూశాం. టాల్‌స్టాయ్ నవల ఆధారంగా తీసిన ఈ సినిమాలో, పెళ్ళయి కొడుకున్న అన్నా, వ్రాన్‌స్కీ అనే సైనికాధికారి ప్రేమలో పడి భర్త కరేనిన్‌ను వదిలి వెళ్తుంది, కొడుకుకు దూరమవుతుంది. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా అమ్మాయికి అన్నా కష్టం మొదట అంతుపట్టలేదు. అమ్మ దగ్గర ఒక వారం, నాన్న దగ్గర ఒక వారం ఉంటూ చక్కగా చదువుకుంటున్న స్నేహితులున్న పిల్ల, “విడాకులు తీసుకుని బాబును తెచ్చుకోవచ్చుగా, అమ్మా?” అని అడగడంలో వింతేమీ లేదు. ఆనాటి రష్యాలో పెళ్ళి చర్చి చేతిలో ఉండేదనీ, వ్యభిచారం రుజువైతే తప్పు చేసినవారికి మళ్ళీ పెళ్ళాడే హక్కు పోయేదనీ, బిడ్డ తండ్రికే దక్కేవాడనీ చెబితే చట్టం సంగతి ఇట్టే గ్రహించింది. పీటర్స్‌బర్గ్ పెద్దమనుషులు మొహం చాటేస్తే అన్నా ఎందుకంత కుమిలిపోవాలో మాత్రం దానికి అర్థం కాలేదు. ఉగాది వేడుకల్లో, భోజనాల వరుసలో, ఎవరి సంసారం గురించి ఎవరు గుసగుసలాడతారో ఎరిగిన నాకు అది ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్న మా అమ్మ లెక్క వేరు: “పిల్లాడి మొహం చూసైనా సర్దుకుపోవాల్సింది.” నిజానికి ఈ కథకు ప్రాణం ఆ పిల్లాడే. తల్లి చనిపోయిందని చెప్పినా నమ్మని సెర్యోజా దగ్గరకు, వాడి పుట్టినరోజు నాడు, అన్నా దొంగచాటుగా వస్తుంది. నవలలోనైతే, ముందురోజు ఎంతో ప్రేమగా ఏరి కొన్న బొమ్మలను ఇవ్వడమే మరచిపోయి, పొట్లం విప్పకుండా వెనక్కి తీసుకుపోతుంది. సినిమాలో ఆ పిల్లాడు ఫ్రెడ్డీ బార్తలోమ్యూ, తండ్రి బాసిల్ రాత్‌బోన్. అదే ఏడాది ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో ఇదే పిల్లాడికి ఈయనే కర్కశుడైన సవతి తండ్రి!

రాత్‌బోన్ పోషించిన కరేనిన్ మరీ బండరాయి. నవలలో, ప్రియుడి బిడ్డను కన్నాక చావుబతుకుల్లో ఉన్న భార్యను అతడు కన్నీళ్ళతో క్షమిస్తాడు. 1934 నుంచి హాలీవుడ్ సెన్సారు నియమాలు బిగుసుకోవడంతో ఆ అక్రమ సంతానం ఊసే తెరకెక్కలేదు, దానితోపాటు క్షమించే ఘట్టమూ పోయింది. ఇలాంటివి దాచిపెట్టడం ఇండియా అలవాటని నమ్మిన మా అమ్మాయి, తన అమెరికా కూడా ఇంత పని చేసిందా అని నివ్వెరపోయింది.

గార్బోయే 1927లో ఇదే కథను ‘లవ్’ పేరుతో మూకీగా చేసింది. దానికి రెండు ముగింపులు తీశారు: ఒకదానిలో, నవలలోలాగే, అన్నా రైలు కింద పడి చనిపోవడం; మరొకదానిలో కరేనిన్ చనిపోగా ప్రేమికులు మళ్ళీ కలుసుకోవడం. “మొగుడే పోయాక ఇంకెవరికి అడ్డం?” అంటూ మా అమ్మ రెండోదానికి వెంటనే ఒప్పుకుంది. మా అమ్మాయి ససేమిరా అంది. కథ చక్కబడాలని ఒక మనిషిని చంపెయ్యడం మోసమని దాని వాదన.