బాబాయ్‌తో చాకు బేరం

"ఒక చేత్తో తెరువు చూద్దాం, అబ్బాయా" అన్నాడు బాబాయ్, ఒంగోలు కొట్లో అందరి ముందూ.

నాకు నచ్చిన మడత చాకు, అలుగు మీది సన్న గాడిలో గోరు పెట్టి లాగి తెరిచే రకం. చెక్క పిడి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆయన దాన్ని పక్కకి తోసేశాడు. కొత్తపట్నం తీరంలో పడవెక్కితే ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. తడి గోరుకి ఆ సన్న గాడి ఎక్కడ చిక్కుద్ది?

తర్వాత అంచు. నున్నటిది చేపకి బాగుంటుంది గానీ, తడిసిన నైలాన్ తాడు మీద జారుతుంది. రంపపు పళ్లున్నది పట్టి కోస్తుంది, కాకపోతే దానికి ఇంట్లో సానపట్టడం తలనొప్పి. అందుకే సగం నున్నగా, సగం పళ్లతో ఉన్నది తీశాం. మొన మొద్దుగా ఉంది. పడవ ఊగేటప్పుడు అదే మేలట.

"స్టెయిన్‌లెస్ సార్, తుప్పు పట్టదు" అన్నాడు కొట్టతను. బాబాయ్ నవ్వాడు. ఉప్పునీళ్లకి దానికీ మచ్చలు పడతాయి, ముందు కీలు దగ్గరే. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వెయ్యాల్సిందే.

తెరిచాక అలుగు మూసుకోకుండా ఆపే లాక్ గట్టిగా పడుతోందా, పిడికి తాడు కట్టే చిల్లుందా అని కూడా చూశాడు.

"బేరం నువ్వాడుకో" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.