పెంకుల కింద షీటు కొనడానికి ఇంత అవమానమా?

మధురవాడ దాటాక భీమిలి వైపు కట్టుకుంటున్న మా ఇంటికి నిన్ననే పెంకులు ఎక్కాయి. ప్లాను మంజూరు, పునాది, గోడలు సాఫీగా జరిగిపోయాయి. నన్ను ఏడిపించింది పెంకులకూ వాసాలకూ మధ్య పరిచే పలచని షీటు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసినప్పుడు ఇళ్ల మీది పెంకులు లేచిపోవడం కళ్లారా చూసినదాన్ని. పెంకులు లేవకపోయినా వాన అడ్డంగా కొడితే సందుల్లోంచి నీరు దిగుతుంది. టార్పాలిన్ చాలన్నాడు మేస్త్రి. అది నీటితో పాటు ఆవిరినీ ఆపేస్తుంది. తెల్లవారుజామున కప్పు చల్లబడగానే సముద్రపు గాలిలోని తేమ దాని అడుగున చుక్కలు కట్టి వాసాలను పుచ్చిస్తుంది. నీటిని ఆపి ఆవిరిని వదిలే బ్రీతబుల్ మెంబ్రేన్ కావాలని పట్టుబట్టాను.

ఊళ్లో పేరున్న ఒక షోరూముకు వెళ్లి, ఈ షీటు ఎస్‌డి విలువ ఎంత అని అడిగాను. ఆవిరికి షీటు ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క అది. 0.02 మీటర్లు అని ఉంటే, రెండు సెంటీమీటర్ల నిలకడ గాలి ఎంత అడ్డో షీటూ అంతే అడ్డు అన్నమాట. మేనేజరు నా వైపు చూడకుండానే, "అవన్నీ మీకెందుకమ్మా? మీవారిని తీసుకురండి, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు. కౌంటరు దగ్గరున్న ఇద్దరు కొనుగోలుదారులు నవ్వారు. స్థలం నా పేరున ఉంది, డబ్బు నా జీతంలోంచి వస్తోంది, లెక్క అడిగే హక్కు మాత్రం నాకు లేదట! పైగా బుడగలున్న వెండిరంగు షీటు ముందు పడేసి "ఇదీ గాలాడేదే" అన్నాడు.

నేను కదలలేదు. టీ తెచ్చే కుర్రవాణ్ణి రెండు గాజు గ్లాసుల్లో సలసల కాగే నీళ్లు, మరో రెండు ఖాళీ గ్లాసులు అడిగాను. ఒక గ్లాసు మూతికి వెండి షీటు ముక్క, రెండోదానికి నేను అడిగిన బూడిదరంగు మెంబ్రేన్ ముక్క రబ్బరుబ్యాండుతో బిగించి, పైన ఖాళీ గ్లాసులు బోర్లించాను. కాసేపటికి మెంబ్రేన్ మీది గ్లాసు మంచు పట్టినట్టు తెల్లబడింది. వెండి షీటు మీది గ్లాసు అద్దంలా అలాగే ఉంది. నవ్విన ఇద్దరూ దగ్గరికి వచ్చి చూశారు. మేనేజరు ఫోను పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆడవాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పని దుకాణంలో మేకు కూడా కొనకండి.

సాంకేతిక వివరాల కాగితం అడగ్గానే పంపిన చిన్న డీలరు దగ్గరే కొన్నాను. నీటిని ఆపడంలో అన్నిటికన్నా మెరుగైన డబ్ల్యూ1 తరగతి ఉందా, పెంకులు కప్పేలోగా ఎండకు ఎన్ని నెలలు తట్టుకుంటుంది అన్నవి చూడండి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బరువు మాత్రమే, అది చూపించి ఆవిరి సంగతి దాటవేస్తారు.

పరిచేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. చూరు నుంచి మొదలుపెట్టి, పై వరుస కింది వరుస మీదికి 15 సెంటీమీటర్లు రావాలి. షీటు మీద ముందు వాసాల వెంట నిలువు రీపర్లు (సన్నని చెక్క పట్టీలు), వాటిపైన పెంకులు ఆనే అడ్డ రీపర్లు. నిలువువి దండగ అన్నాడు వడ్రంగి. అవి లేకపోతే పెంకులు దాటి వచ్చిన నీరు అడ్డ రీపర్ల దగ్గరే నిలిచిపోతుందని చెప్పి వేయించాను. ఇప్పుడు పక్క సైటు మేస్త్రి నన్ను అడిగి వెళుతున్నాడు. ఉప్పుగాలికి మామూలు మేకులు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

ఏసీ గదుల విషయం వేరు. కంపెనీ బొమ్మల్లో ఆవిరి ఇంట్లోంచి బయటికి పోతుంటుంది, అది చలిదేశాల లెక్క. విశాఖలో ఏసీ వేస్తే తేమ బయటి నుంచే చల్లని సీలింగు వైపు వస్తుంది. మెంబ్రేన్ దాన్ని ఆపదు కాబట్టి ఆ గదుల సీలింగు సందులన్నీ మూయించి, పైన ఇన్సులేషన్ వేయిస్తున్నాను.