పాత గన్‌ను పక్కన పెట్టేది ఎప్పుడు?

కడప నడిబొడ్డున సోవియట్ కాలపు 130 ఎంఎం ఫిరంగి ఎం-46 పెట్టి పేలిస్తే గుండు 27 కిలోమీటర్లు పోతుంది. కమలాపురం దాటుతుంది గానీ ప్రొద్దుటూరు అందదు. మన దేశంలోనే తయారైన కొత్త ఫిరంగి అటాగ్స్ 48 కిలోమీటర్లు కొడుతుంది, ప్రొద్దుటూరూ దాటిపోతుంది. ఇవి మ్యాపు మీద సూటిగా కొలిచిన దూరాలు, బస్సు దూరాలతో కలపొద్దు.

ఉక్కు ముసలిదైందని గన్‌ను తీసేస్తారనుకుంటే పొరపాటు. బ్యారెల్ అరిగేమాట నిజమే. చార్జి, అంటే గుండును తోసే మందు, ఉండే గది దాటి రైఫ్లింగ్ గాడులు (గుండును తిప్పే గీతలు) మొదలయ్యే చోటును వేడి వాయువు ముందుగా తినేస్తుంది. అక్కడ అరిగితే గుండు చుట్టూ ఉన్న రాగి పట్టీ బిగువుగా పట్టదు, వాయువు సందుల్లోంచి జారుకుంటుంది, వేగం తగ్గి గుండు గురికి ఇవతలే పడుతుంది. అందుకే ఎన్ని పేల్చారో రాసుకుంటే చాలదు, ఏ చార్జితో పేల్చారో కూడా రాయాలి. ఫుల్ చార్జితో పేల్చినదాన్ని ఒకటిగా లెక్కేస్తే, చిన్న చార్జితో పేల్చినదాన్ని అందులో కొంత భాగంగా లెక్కేస్తారు. లెక్క నిండగానే బ్యారెల్ మారుస్తారు, గన్ మళ్లీ పనికొస్తుంది. పేలినప్పటి తన్నును ఆపే రీకాయిల్ యంత్రంలో సీళ్లు కారినా, నైట్రోజన్ ఒత్తిడి దిగినా వెనక్కి తన్నిన బ్యారెల్ పూర్తిగా ముందుకు రాదు. అదీ బాగయ్యేదే.

అసలు చిక్కు గుండు కొలతతో. ఫిరంగుల కోసం వేసిన 1999 ప్రణాళిక నుంచి మన సైన్యం 155 ఎంఎం వైపే మొగ్గింది. బోఫోర్స్, ధనుష్, వజ్ర, ఎం777, అటాగ్స్ అన్నిటిదీ అదే కొలత. వాటి పక్కన 130 ఉంటే దానికి గుండ్లు వేరు, చార్జీలు వేరు, నిల్వలు వేరు.

2018లో 300 శారంగ్ గన్‌లకు ఆర్డర్ పెట్టింది ఇందుకే. పాత ఎం-46 చక్రాల బండిని ఉంచి, బ్యారెల్, బ్రీచ్ (బ్యారెల్ వెనక మూసే తలుపు) మార్చి 155/45 చేశారు. గుండు పోయే దూరం 36 కిలోమీటర్లు దాటింది. 45 అంటే బ్యారెల్ పొడవు గొట్టం వ్యాసానికి 45 రెట్లు, దాదాపు 7 మీటర్లు. అటాగ్స్‌ది 52 రెట్లు, 8 మీటర్ల పైమాటే. బండి గట్టిగా ఉంటే శారంగ్ మంచి బేరమనే నా లెక్క. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి: 130 చార్జి లోహపు కేసులో వస్తుంది, పేలినప్పుడు ఆ కేసే ఉబ్బి వాయువును ఆపుతుంది. 155కు కేసు లేదు, బ్రీచ్‌లోని సీలు రింగే ఆపాలి. రింగు మీద మసి పేరుకున్నా, గీత పడినా మంట వెనక్కి కొడుతుంది. పాత అలవాటుతో తుడవకుండా మూశారో, ముప్పే.

బరువు ఇంకో తలనొప్పి. ఎం-46 సుమారు 8 టన్నులు, అటాగ్స్ 18. లాగే వాహనం మారాలి, దారిలో వంతెనలు చూసుకోవాలి. 2025 మార్చిలో 307 అటాగ్స్ కొంటూ లాగే వాహనాలు కూడా కలిపి తీసుకున్నారు. కొండలకైతే 4.2 టన్నుల ఎం777ను హెలికాప్టర్‌కు వేలాడదీసి తీసుకుపోతారు.

ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ ఆయుధ పరీక్షల రేంజ్ ఉంది కాబట్టి అటాగ్స్‌ను అక్కడే పరీక్షించారనుకునేవాళ్లున్నారు. ఆ పరీక్షలు పోఖ్రాన్, బాలాసోర్‌లలో జరిగాయి.

కాలేజీ ముందో, పార్కులోనో పాత గన్ నిలబెట్టేవాళ్లకు ఒక మాట. రంగు సంగతి తర్వాత. రీకాయిల్‌లోని నైట్రోజన్, ఆయిల్ తెలిసినవాళ్లతో ఖాళీ చేయించారా, బ్రీచ్ తెరుచుకోకుండా వెల్డింగ్ అయిందా అన్నది ముందు కాగితం మీద చూసుకోండి. బ్యారెల్ మూతికి మూత బిగించి, టైర్లు నేలకు తగలకుండా ఇరుసు కింద దిమ్మెలు కట్టించండి.