సముద్రమంటే లాల

మా పాపకి 17 నెలలు. ఏడాది నిండిన పదిహేను రోజులకి నడక వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండటం లేదు. చెప్పు బకెట్లో దొరుకుతుంది, టీవీ రిమోట్ చెప్పుల స్టాండులో దొరుకుతుంది, గిన్నెల మూతలన్నీ హాల్లో వరసగా పరిచి ఉంటాయి. అలాంటి పిల్లని తీసుకుని ఒక రాత్రంతా రైలు, ఆపైన మూడు రోజులు సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో. "ఇంకో ఏడాది ఆగుదామండీ" అన్నాను నేను. "ఏడాది ఆగితే ఈ వయసు మళ్లీ రాదు కదా" అన్నారు మా ఆయన. అత్తయ్య ఎటూ మాట్లాడకుండా పాప గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టారు. దాంతో ప్రయాణం ఖాయమైపోయింది.

నేను వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. నాకు సముద్రమంటే భయం. ఎనిమిదేళ్లప్పుడు ఒక అల నన్ను కింద పడేసి లోపలికి లాగింది. నాన్న జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చేదాకా ఆకాశం ఎటో, నేల ఎటో తెలియలేదు. నోట్లో ఇసుక కరకరలాడటం ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఎన్నిసార్లు సముద్రం దగ్గరికి వెళ్లినా చెప్పులు తడవనంత దూరంలోనే నిలబడ్డాను. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పాపకి తప్ప.

రైలెక్కిన పది నిమిషాలకి పాప బోగీలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడక మొదలుపెట్టింది. వెనకాలే ఎవరో ఒకరం నడుము వంచి, రెండు చేతులూ చాచి నడవాలి. ముట్టుకుంటే ఒప్పుకోదు, వదిలేస్తే పడుతుంది. పాప పుట్టాక పిల్లల గురించి దొరికిందల్లా చదివాను. అందులో ఒక లెక్క మాత్రం మర్చిపోలేను. న్యూయార్క్ యూనివర్సిటీలో కేరెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే గమనించి 2012లో ప్రచురించింది. నడక వచ్చిన పిల్లలు సగటున గంటకి 2,368 అడుగులు వేశారట, 17 సార్లు పడ్డారట. కదిలే రైల్లో పడటాలు ఇంకాస్త ఎక్కువే ఉంటాయని ఆ రాత్రి నాకు అర్థమైంది.

పడటం కంటే పడిన తర్వాత జరిగేదే నేను ఎక్కువ చూశాను. రైలు ఊగింది, పాప చతికిలబడింది. వెంటనే ఏడవలేదు. పడటానికీ ఏడుపుకీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో తలెత్తి మన ముఖం చూస్తుంది. నేను దగ్గర ఉంటే "అయ్యో!" అంటాను. ఆ మాట వినగానే కింది పెదవి వంకర తిరుగుతుంది, ఏడుపు వచ్చేస్తుంది. అత్తయ్య ఉంటే కూర్చున్న చోటు నుంచి కదలకుండా "ఏం కాలేదు తల్లీ, లే" అంటారు. పాప రెండు అరచేతులూ నేలకి ఆనించి, పిర్రలు పైకెత్తి, లేచి నడక సాగిస్తుంది. రెండుసార్లూ పడిన పడటం ఒకటే. నేను ఇది ఇంట్లోనూ చూసే ఉంటాను, కానీ ఇంట్లో చేతిలో ఏదో పని ఉంటుంది. రైల్లో పాపని చూడటం తప్ప వేరే పని లేదు.

ఎదురు బెర్తులో ఒక పెద్దాయన. పాప సీటు మీద నిలబడి చెంచా కింద పడేసింది. ఆయన వంగి తీసిచ్చారు. మళ్లీ పడేసింది, ఈసారి కాస్త పక్కకి. మళ్లీ తీసిచ్చారు. నేను "వద్దండీ, అది ఆపదు" అన్నా ఆయన వినలేదు. ఈ వయసు పిల్లలు వస్తువుని రకరకాలుగా పడేస్తూ ఏమవుతుందో చూస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే తన సొంత పిల్లల్ని గమనించి రాశారు. పెద్దాయనకి అవేమీ అక్కర్లేదు. "చూస్తోందమ్మా, చూడనీ" అన్నారు, అంతే. లైట్లు ఆర్పే వేళకి ఆయన 'తాత' అయిపోయారు.

పడుకునేటప్పుడు నా చెవి తమ్మె పట్టుకుని నిద్రపోవడం పాప అలవాటు. చూపుడువేలు, బొటనవేలు మధ్య మెల్లగా నలుపుతూ ఉంటుంది. నలపడం ఆగిందంటే నిద్ర పట్టిందన్నమాట. ఆ రాత్రి కింది బెర్తు మీద పాప లోపలివైపు, నేను అంచున. స్టేషన్ వచ్చినప్పుడల్లా వేళ్లు మళ్లీ కదిలేవి, రైలు కదలగానే ఆగేవి. నేను నిద్రపోలేదు గానీ ఆ రాత్రి గురించి నాకే కంప్లయింటూ లేదు.

దిగాక లాడ్జి గదిలో మొదటి పని, మోకాళ్ల మీద కూర్చుని గది చూడటం. ఇది ఎవరికైనా చెప్తాను: నిలబడి చూస్తే కనపడనివన్నీ పిల్ల ఎత్తులో కనపడతాయి. మంచం కింద ప్లగ్ పాయింటు, టేబుల్ అంచు, టేబుల్ మీద నుంచి వేలాడుతున్న కెటిల్ వైరు. కెటిల్ తీసి బీరువా పైన పెట్టాం. ప్లగ్‌కి అడ్డంగా సూట్‌కేసు జరిపాం. అన్నీ చూశామనుకున్నాం. బాల్కనీ తలుపు మాత్రం చూడలేదు.

అది పక్కకి జరిపే గాజు తలుపు. మధ్యాహ్నం మా ఆయన మందుల షాపుకని వెళ్లారు, గది తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. పాప లోపల మూతలతో ఆడుకుంటోంది. తడి బట్టలు ఆరేయడానికి నేనూ అత్తయ్యా బాల్కనీలోకి అడుగుపెట్టాం. నాలుగడుగుల దూరం, తలుపు తెరిచే ఉంది. వెనక చిన్న చప్పుడైంది. తిరిగి చూస్తే పాప రెండు చేతులతో తలుపు జరిపేసింది, లోపలివైపు గడియ దానంతటదే పడిపోయింది. నా ఫోన్ మంచం మీద ఉంది. బాత్రూం తలుపు తీసి ఉంది. లోపల బకెట్, దాన్నిండా నీళ్లు. పాపకి స్నానం చేయిద్దామని పది నిమిషాల ముందు నేనే నింపాను.

బకెట్ నీళ్లే కదా అనుకోవడానికి లేదు. ఈ వయసు పిల్లలకి ఒంట్లో తల బరువే ఎక్కువ. తలకిందులుగా బకెట్లో పడితే పైకి లేవలేరు. నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు చాలు. అది తెలుసు కాబట్టే నా కాళ్లు వణికాయి. అరచేత్తో గాజుని దబదబా బాదాను. పాప నా వైపు చూసింది. పెదవి వంకర తిరగడం మొదలైంది. ఒకడుగు వెనక్కి వేసింది, బాత్రూం వైపు.

అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, అది నీ మొహమే చూస్తోంది. నవ్వు" అన్నారు. తర్వాత బాల్కనీ అంచుకి వెళ్లి కిందనున్న వాచ్‌మన్‌ని కేకేశారు.

నేను నేల మీద కూర్చున్నాను. ముఖం గాజు దగ్గరగా పెట్టి నవ్వాను. చున్నీ ముఖం మీద కప్పుకుని తీశాను. పాప ఆగింది. మళ్లీ కప్పుకున్నాను, మళ్లీ తీశాను. పాప దగ్గరికి వచ్చింది. అరచెయ్యి గాజుకి ఆనించింది. అటు చెమ్మ, ఇటు నా చెయ్యి. ఆ చిన్న చేతి గీతలన్నీ నాకు కనపడ్డాయి. ఎంతసేపో చెప్పలేను, చున్నీ తీసిన ప్రతిసారీ నవ్వాను. లోపల గుండె దడదడలాడుతూనే ఉంది. పాప ఒక్కసారి కూడా బాత్రూం వైపు తిరగలేదు. వాచ్‌మన్ వేరే తాళంచెవి తెచ్చి గది తలుపు తీసేసరికి గాజుకి ముక్కు ఆనించి కిలకిలా నవ్వుతోంది.

ఎత్తుకున్నాక నేనే ఏడ్చాను. బకెట్ బోర్లించాను. ఇంటికొచ్చాక కూడా ఇప్పటిదాకా బాత్రూంలో బకెట్ నింపి ఉంచలేదు.

ఆ సాయంత్రం పాప నిద్రపోతుంటే నాకు ఎప్పుడో చదివిన ఒక ప్రయోగం గుర్తొచ్చింది. 1985లో సోర్స్, కాంపోస్ వగైరా అమెరికన్ పరిశోధకులు ప్రచురించినది. ఒక బల్ల మీద దళసరి గాజు పరుస్తారు. సగం వరకూ గాజుని ఆనుకునే గళ్ల డిజైను ఉంటుంది, అక్కడి నుంచి ఆ గళ్లు 30 సెంటీమీటర్లు కిందికి దిగిపోతాయి. ఏడాది పిల్లలు పాకుతూ వచ్చి ఆ అంచు దగ్గర ఆగి, అవతల నిలబడ్డ అమ్మ ముఖం చూస్తారు. అమ్మ సంతోషంగా కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది గాజు మీద నుంచి దాటి వచ్చారు. భయపడ్డట్టు ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. చదివినప్పుడు బాగుందనుకుని పేజీ తిప్పేశాను. అత్తయ్యకి చెప్తే "దీనికి బల్ల కూడా ఎందుకమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే సముద్రానికి వెళ్లాం. పాపకి అప్పటికి పదిహేను, ఇరవై మాటలు వచ్చు. నీళ్లు ఎక్కడ కనపడినా, గ్లాసులో ఉన్నా కుళాయిలో ఉన్నా, అది 'లాల'. ఇసుక మీదికి దిగగానే సముద్రాన్ని చూసి ఒక్కసారి నిలబడిపోయింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి "లాలా!" అని అరిచింది. అంత లాల ఎప్పుడూ చూసి ఉండదు.

పరుగెత్తింది. వాళ్ల నాన్న పక్కనే పరుగెత్తారు. తడి ఇసుక దాకా వెళ్లేసరికి అల హోరుమంటూ విరిగింది. పాప ఆగి వెనక్కి తిరిగి చూసింది. నాన్న పక్కనే ఉన్నా ఆయన్ని కాదు, దూరంగా నిలబడ్డ నన్ను. నేను నవ్వే ఉన్నాను, కానీ చున్నీ రెండు చేతులతో గట్టిగా బిగించి పట్టుకున్నానని నాకు అప్పుడే తెలిసింది. పాప వెనక్కి వచ్చి నా మోకాళ్లు చుట్టుకుంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మా ఆయన ఎత్తుకుని నీళ్లలోకి తీసుకెళ్లబోతే గట్టిగా ఏడ్చింది. "వద్దు లెండి" అన్నాను. గదికి వచ్చేశాం.

మధ్యాహ్నం ఎక్కడికీ వెళ్లలేదు. ఏడాది దాటిన పిల్లలకి రెండేళ్లు నిండేదాకా పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా పాప విషయంలో పగటి నిద్ర తప్పితే ఆ సాయంత్రం ఎవరికీ సాయంత్రంలా ఉండదు. చూద్దామనుకున్న లైట్‌హౌస్ అలా పోయింది. పాప చెవి తమ్మె నలుపుతుంటే నేను ఆలోచిస్తూ పడుకున్నాను. గాజు తలుపు దగ్గర నవ్వు నటించాను, అప్పటికి అది తప్పదు. కానీ సముద్రం దగ్గర నటించడం నాకు సరైనదనిపించలేదు. అలకి భయపడాల్సిన మాట నిజమే, పాపకి అది కూడా తెలియాలి. అయితే తెలియాల్సింది ఎనిమిదేళ్ల పిల్ల భయం కాదు.

సాయంత్రం నేనే ముందు వెళ్లాను. మునిగేంత దూరం కాదు, అల చివర నురగై, పల్చటి పొరలా పాకి, ఇసుకలోకి ఇంకిపోయే చోటు. అక్కడ కూర్చున్నాను. మొదటి పొర వచ్చి కాళ్ల కింద ఇసుకని లాక్కుపోయింది. కడుపులో తిప్పినట్టయింది. రెండోది వచ్చింది, వెళ్లింది. అయిదారు అలలయ్యాక నాకు లెక్కపెట్టాలనిపించలేదు. మా ఆయన సముద్రం వైపు నాకంటే రెండడుగులు ముందు నిలబడ్డారు, నేను అడగకుండానే.

అత్తయ్య పాపని వదిలారు. వచ్చి నా పక్కన నిలబడి ముఖంలోకి చూసింది. నేను ఏ ముఖం పెట్టానో నాకు తెలియదు. నా చూపుడువేలు పట్టుకుంది. నురగ వచ్చి పాదాలు తడిపింది. పాప కిందికి చూసింది. ఇసుక జారుతుంటే వేళ్లు ముడుచుకుంది. మళ్లీ నన్ను చూసింది, వెనక్కి తిరిగి నానమ్మని చూసింది. తర్వాత నా వేలు వదిలి, నా ఒళ్లోకి ఆనుకుని, వంగి, దోసిట్లోకి నీళ్లు తీసుకోబోయింది. దోసిలి ఇంకా సరిగ్గా రాదు, వేళ్ల సందుల్లోంచి నీళ్లన్నీ కారిపోయాయి. మిగిలిన తడి చేతులు తెచ్చి నా తల మీద పెట్టింది.

"అమ్మ లాల" అంది.

రెండు మాటలు కలిపి ఒకచోట అనడం అదే మొదటిసారి. మా ఆయన వెనక్కి తిరిగారు. "ఏమంది? ఏమంది?" అని అత్తయ్య ఇసుకలో గబగబా వచ్చారు. పాప అప్పటికే మళ్లీ వంగింది. ఇంకో గుప్పెడు నీళ్లు తెస్తోందని తల వంచి కూర్చున్నాను.