పని చేస్తున్న బోర్డుకు పేరు గొడవ

“బోర్డు చక్కగా పనిచేస్తోంది కదన్నా, పేరుతో వీళ్లకేం పని?” అని నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి తమ్ముడు చిందులు తొక్కుతున్నాడు.

బత్తాయి తోటలో పెట్టే ఎలక్ట్రానిక్ బోర్డు కోసం, దాని మీద ఏయే భాగాలున్నాయో లైనక్స్‌కు చెప్పే ‘డివైస్‌ట్రీ’ ఫైల్లో, ఉష్ణోగ్రత సెన్సర్‌కు దాని చిప్పు పేరుతో ‘ఎల్‌ఎం75@48’ అని రాశాడు. లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌కు వచ్చే మార్పులను చూసే సమీక్షకులు తిప్పికొట్టారు. నోడ్ (ఆ ఫైల్లో ఒక్కో భాగానికి రాసే పద్దు) పేరు ఆ వస్తువు చేసే పనిని చెప్పాలి: ‘టెంపరేచర్-సెన్సర్@48’. చిప్పు రకం, తయారీదారు వివరం ‘కంపాటిబుల్’ వరుసలోకి వెళ్తుంది. ‘నేషనల్,ఎల్‌ఎం75’ అని అక్కడ ఉంటే కెర్నల్ దాన్ని చూసి ఆ చిప్పును నడిపే ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను, జత చేస్తుంది. పేరు చివరి 48కి ముందు 0ఎక్స్ (హెక్సాడెసిమల్ అంకెల గుర్తు) పెట్టకూడదు, ఆ 48 ‘రెగ్’ వరుసలో రాసే సెన్సర్ చిరునామాతో సరిపోవాలి.

నోడ్ పేరులో అండర్‌స్కోరు వద్దంటారు, హైఫన్ కావాలి. ఆ నోడ్‌ను వేరేచోట ప్రస్తావించడానికి పెట్టే లేబుల్‌లోనేమో హైఫన్ అసలు కుదరదు, అండర్‌స్కోరే గతి! ఇక్కడ మాత్రం వాడి కోపం న్యాయమే అనిపించింది.

మిగతా విషయంలో నేను సమీక్షకుల పక్షమే. రేపు ఎల్‌ఎం75 దొరక్క అదే చిరునామాలో మరో చిప్పు అతికించినా నోడ్ పేరు చెక్కుచెదరదు.

అన్నట్టు, పంపే ముందు డివైస్‌ట్రీలో తప్పులు వెతికే ‘డీటీబీఎస్ చెక్’ నడిపి ఉంటే ఇలాంటివి కొన్ని కంప్యూటరే పట్టేసేది. వాడి కోపం చల్లారాక చెబుతాను.