ఏజెన్సీలో ఎకరం చవగ్గా వస్తోందంటే

దాళ్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చే రోజుల్లో కోనసీమలోనూ భీమవరం వైపూ ఒక కబురు తిరుగుతుంది. "బుట్టాయగూడెం అవతల జీడిమామిడి తోట ఉందండి, బోరు కూడా ఉంది, ఇక్కడ ఒక్క ఎకరం అమ్ముకుంటే అక్కడ పదెకరాలు వస్తుంది" అని. ఎందుకంత చవకో మధ్యవర్తి చెప్పడు. అమ్మడానికి అక్కడివాళ్లకీ హక్కు లేదు, కొనడానికి గిరిజనులం కాని మనకీ లేదు. కారణం అదే.

ఇలా అడ్డుపడే చట్టానికి జనం నోట్లో పేరు వన్ ఆఫ్ సెవెంటీ. నిన్నగాక మొన్న వచ్చిన అడ్డంకిలా మాట్లాడతారు గానీ, దాని తాత 1917 నాటిది. మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది తెచ్చిన ఏజెన్సీ చట్టం ప్రకారం కొండజాతి వాళ్ల భూమి బయటివాళ్లకు పోవాలంటే ఏజెంటు, అంటే ఏజెన్సీలో ప్రభుత్వ ప్రతినిధి, అనుమతి ఉండాలి. 1959లో దాని చోట ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ రెగ్యులేషన్ వచ్చింది; ఏజెన్సీకి కాగితాల్లో పేరు షెడ్యూల్డు ప్రాంతం. దాన్ని సవరించిందే 1970లో మొదటి రెగ్యులేషన్, ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమలు. ఈ సవరణతో రెండు మారాయి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. రెండోది ఇంకా గట్టిది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏ భూమైనా గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది భూమి పట్టుకున్నవాడే.

ఇది రాజ్యాంగ విరుద్ధమని వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 1988లో చట్టం వైపే నిలబడింది. అయితే 1970కి ముందు గిరిజనేతరుల మధ్యే జరిగిన బదిలీల జోలికి ఇది వెళ్లదు. వారసత్వానికీ, ఇంట్లో పంపకాలకూ అడ్డం లేదు. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో ఇంకో అడుగు పడింది: అనంతగిరి మండలం గనుల లీజుల మీద తీర్పు ఇస్తూ, ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తే'నని, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇవ్వకూడదని అంది.

బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు మనవాళ్లు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, వీటిలో దేనికైనా రాసుకున్న అగ్రిమెంటు, అన్నీ అందులోకే వస్తాయి. జీలుగుమిల్లి చుట్టుపక్కల వర్జీనియా పొగాకు వేసి, ఆకు ఆరబెట్టే బ్యారన్ కట్టుకున్నాయన "మేం రాసుకున్నదేం లేదండి, నోటిమాట కౌలే" అంటాడు. నోటిమాటైనా కౌలు కౌలే. 1978 సవరణ తర్వాత ఇలాంటి దస్తావేజులు రిజిస్టరు చెయ్యడం కూడా నిషేధం. అందుకే "రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం, ముందు అడ్వాన్సు ఇవ్వండి" అన్న మాట వినబడగానే లేచి వచ్చెయ్యాలి.

దొడ్డిదారులు లేవా అంటే, ఉన్నాయి. వాటిని నడిపే తెలివి ఎక్కువగా మన పల్లపు ఊళ్ల నుంచే వెళ్తుంది, మొహమాటపడి లాభం లేదు. బదిలీ నిర్వచనంలో వీలునామా లేదు కాబట్టి, ముక్కూమొహం తెలియని గిరిజన ముసలాయన చేత వీలునామా రాయించడం ఒక దారి. పాలేరు పేరునో, పెళ్లి పేరు చెప్పి ఇంట్లో పెట్టుకున్న గిరిజన మహిళ పేరునో కొనడం ఇంకోటి. దొంగ కులపత్రం మూడోది. ఎక్కువగా కనిపించేది మాత్రం పాత తారీఖు వేసిన కాగితం: 1970కి ముందే కొన్నామని చూపించే సాదా దస్తావేజు.

ఆ కాగితం చేతికొస్తే ముందు దాన్లో ఊరి చిరునామా చదవాలి. మన రాష్ట్రంలో మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు తాలూకాలు, ఫిర్కాలు. 1968 తారీఖు వేసిన కాగితంలో "ఫలానా మండలం" అని ఉందంటే ఇక మిగతాది చదవక్కర్లేదు. తర్వాత డబ్బు లెక్క చూడాలి. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్లో వచ్చాయి, అప్పటిదాకా అణాలూ పైసలూ. 1952 నాటిదని చూపించే కాగితంలో "యాభై నయాపైసలు" అని ఉండకూడదు. స్టాంపు వెనక అమ్మినవాడి సంతకం, వరుస నంబరు, కొన్నవాళ్ల పేరు ఉన్నాయో లేదో, ఆ తారీఖు దస్తావేజు తారీఖు కంటే ముందుదో తర్వాతదో చూడాలి. ఆ కాలపు శిస్తు రసీదు, అడంగల్ నకలు జతపరచమని అడిగితే చాలా కాగితాలు అక్కడే ఆగిపోతాయి.

భూమి పోయిన కుటుంబం వెళ్లాల్సింది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టుకి. భూబదిలీ రెగ్యులేషన్‌కు ఇంగ్లీషు పొడి అక్షరాలతో దీన్ని ఎల్‌టీఆర్ కేసు అంటారు. ఆ భూమితో సంబంధం ఉన్న ఎవరైనా అర్జీ పెట్టవచ్చు, ప్రభుత్వోద్యోగి రాసిన సమాచారం మీద మొదలుపెట్టవచ్చు, అధికారి తనంత తానుగానూ చేపట్టవచ్చు. అర్జీలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారు, ఎప్పట్నుంచి అన్నవి ఉండాలి. ఇంటిపేరు దగ్గర జాగ్రత్త. ఒక కాగితంలో మడకం, ఇంకో దాంట్లో మాడకం అని ఉంటే అవతలి ప్లీడరు ఆ దీర్ఘం పట్టుకుని ఏళ్లు లాగుతాడు. రెండూ ఒకరేనని ముందే అఫిడవిట్ పెట్టుకోవడం మేలు. ఆర్డరు వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. భూమి అప్పగించినట్టు పంచనామా కాగితం మీద నడుస్తుంది, పొలంలో మాత్రం పాత ఆసామి పంటే ఉంటుంది. లేదంటే స్వాధీనం నిజంగానే వచ్చి, పెట్టుబడి లేక మళ్లీ ఆయనకే కౌలుకి పోతుంది. అలా జరిగితే కేసు గెలిచినా ఓడినా ఒకటే.

పోడు భూమి, అంటే అడవి కొట్టి సాగు చేసుకున్న భూమి, దారి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం, ఊళ్లో మాటల్లో ఆర్వోఎఫ్‌ఆర్. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండాలి, గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే పదెకరాల లోపు. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకుంటుంది. అందులో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. దీన్ని పంచాయతీ ఊళ్లో పెడితే కొండమీది గూడెం వాళ్లు నడిచి రాలేరు. కోరం సంతకాలు తర్వాత ఇళ్లకు వెళ్లి పెట్టిస్తారు, డివిజన్ స్థాయి పైకమిటీలో ఎవరో అడ్డం తిరిగితే ఊరి మొత్తం దరఖాస్తులు కొట్టుకుపోతాయి. సభ గూడెంలోనే పెట్టాలి, తీర్మానం రాసిన పేజీ అక్కడికక్కడే ఫోటో తీసుకోవాలి.

సాక్ష్యాలు కనీసం రెండు కావాలి. మా దగ్గర పట్టా లేదు, ఏం చూపిస్తాం అని చాలామంది వెనక్కి పోతారు. ఓటరు కార్డు, రేషన్ కార్డు పనికొస్తాయి. చదును చేసిన నేల, రాళ్లు పేర్చిన గట్లు, బావి, శ్మశానం, వేల్పుల చోటు, ఇవన్నీ సాక్ష్యాలే. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పింది రాతలో పెట్టినా సాక్ష్యమే. ఇంకోటుంది, నవ్వొస్తుంది గానీ బలమైనది: అడవిలో సాగు చేస్తున్నావని 2005కి ముందు అటవీ శాఖ వేసిన జరిమానా రసీదు. అప్పట్లో ఏడిపించిన కాగితమే ఇప్పుడు సాగును రుజువు చేస్తుంది. శాటిలైటు చిత్రంలో పంట కనబడలేదని తిరగ్గొడితే ఒప్పుకోనక్కర్లేదు. 2012 నిబంధనల ప్రకారం అది తోడు సాక్ష్యం మాత్రమే, మిగతావాటికి బదులు కాదు.

కొలత రోజు ఇంట్లో ఎవరో ఒకరు పక్కన నడవాలి. పోడులో కొంత చెక్క బీడుగా వదిలేస్తారు, నేల తేరుకోవడానికి. జీపీఎస్ పట్టుకున్నవాళ్లు నిలబడ్డ పంట చుట్టూ మాత్రమే తిరిగి వెళ్లిపోతే, అయిదెకరాల సాగుకు రెండెకరాల పట్టా వస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేర్న రావాలి. అది వారసులకు పోతుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. తిరస్కరిస్తే కారణంతో రాతపూర్వకంగా ఇమ్మనాలి. నోటిమాటతో "నీది రాలేదు" అని పంపేస్తారు. పైకమిటీకి అప్పీలు 60 రోజుల్లో వేసుకోవాలి, కాగితం లేకపోతే ఆ లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా తెలియదు.

పోలవరం ముంపులో ఈ పట్టా విలువ బయటపడింది. 2013 భూసేకరణ చట్టంలో అటవీ హక్కుల పట్టా వచ్చినవాళ్లు భూయజమానులే. పట్టా రాని పోడు, ఎన్ని తరాలు దున్నినా, లెక్కలోకి ఎక్కడం కష్టం. జలాశయం పూర్తిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైగా. సాగునీటి ప్రాజెక్టు కింద భూమి పోయిన ఎస్సీ, ఎస్టీలకు కోల్పోయినంత లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అంత భూమి ఇవ్వాలి. చూపించిన భూమి మీద ఎల్‌టీఆర్ కేసుందేమో సంతకానికి ముందే చూసుకోవాలి, లేదంటే ఒక గిరిజనుడి భూమి ఇంకో గిరిజనుడికిచ్చి ఇద్దరికీ తగువు పెట్టినట్టవుతుంది. షెడ్యూల్డు ప్రాంతం దాటి మెట్టలో కాలనీ కట్టినా భూసేకరణ చట్టం కింద ఉన్న రక్షణలు వాళ్ల వెంట రావాలి. మనకు దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు సీలేరు నుంచి వదిలితే, ఆ నీళ్లు శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలోకి దిగేది ఈ ఊళ్ల మీదుగానే.

ముంపులో పోయే కొన్నింటికి కొలతే లేదు. కొండరెడ్లు కొత్త మామిడి పండుగ చెయ్యందే మామిడికాయ నోట పెట్టరు. భూమి పండుగ చెయ్యందే విత్తనం చల్లరు. ఆ పండుగ చేసే చెట్టూ, రాయీ నీళ్లలోకి పోతాయి, కాలనీ ఇంటి స్థలంలో వాటికి చోటెక్కడ? తాటి జాతిదైన జీలుగు చెట్టు ఇంకో ఉదాహరణ. ఎండాకాలంలో ఆ కల్లే సగం కడుపు నింపుతుంది, కానీ చెట్టు అడవిలో ఉంటుంది కాబట్టి పరిహారం పట్టికలో ఉండదు. 1879లో కొండవాళ్లు తిరగబడ్డ రంప పితూరీకి ఒక కారణం ఆ కల్లు గీత మీద వేసిన చిగురుపన్నే. ఇలాంటి చోట్ల కోసం అటవీ హక్కుల చట్టంలో సామూహిక హక్కుల దరఖాస్తు వేరే ఉంది, కొండరెడ్ల లాంటి ఆదిమ తెగలకు సంప్రదాయంగా బతికే ప్రాంతం మీద ఆవాస హక్కు కూడా ఉంది. వ్యక్తిగత పట్టాల హడావుడిలో దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

మన డెల్టాలోనే ఉన్న యానాదులూ గిరిజనులే, వాళ్ల సంగతి ఇంకో రకం. ఇక్కడ షెడ్యూల్డు ప్రాంతం లేదు, 1/70 వర్తించదు. గుడిసె కాలవ గట్టు మీద, నేల ఇరిగేషన్ వాళ్లది. సార్వా నాట్లయ్యాక చేలో ఎలుకలు పడితే మనం కబురు పెట్టేది వాళ్లకే. కుండలో గడ్డి ముట్టించి కన్నంలోకి పొగ ఊదడం, వెదురు బుట్టలు పెట్టడం వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎలుకకింతని లెక్కకట్టి ఇస్తాం. గట్టు వెడల్పు చేసేటప్పుడు మాత్రం ముందు లేచేది ఆ గుడిసెలే. ఇంటి స్థలం అర్జీకి కులపత్రం అడుగుతారు, కులపత్రానికి బడి కాగితం అడుగుతారు, ఆ తండ్రి ఏ బడికీ వెళ్లలేదు. అర్జీలో చిరునామా దగ్గర "కాలవ గట్టు" అని రాసి, డోర్ నంబరు గడి ఖాళీగా వదిలేస్తారు.